కిటికీలో కూర్చున్న యౌవనుడు

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఒక చిన్న సంఘటన ఉంది. త్రోయ పట్టణంలో ఒక మేడగదిలో విశ్వాసులు కూడుకున్నారు. మరునాడు ప్రయాణమై వెళ్లవలసిన పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తూనే ఉన్నాడు. ఐతుకు అనే యౌవనుడు కిటికీలో కూర్చుని వింటున్నాడు. వింటూ వింటూనే నిద్రలోకి జారిపోయాడు. ఆ నిద్రలోనే మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణం లేదు.

ఈ సంఘటన మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ ఒకే పాఠం చెప్పాను. 'వాక్యం వింటూ నిద్రపోతే పతనం తప్పదు, యౌవనస్థులారా మేల్కొనండి' అని. పెద్దలు తలలూపేవారు. వెనుక బెంచీల్లోని పిల్లలు నవ్వుకునేవారు. పాతికేళ్లకు పైబడిన సేవలో ఈ పాఠం ఎంత ఏకపక్షమైనదో నాకు తెలియలేదు. తెలియజెప్పింది ఒక కుర్రాడు.

ఒక ఆదివారం జరిగిన సంగతి

హైదరాబాద్ శివారులో మా సంఘం ఉంది. చుట్టుపక్కల హాస్టళ్లు, అద్దె గదులు ఎక్కువ. ప్రకాశం జిల్లా పల్లె నుంచి వచ్చి డిగ్రీ చదువుకుంటున్న కుర్రాడొకడు ప్రతి ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. వచ్చిన పావుగంటకే తల వాలిపోయేది. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆగి, 'చివరి వరుసలో ఐతుకు ఉన్నాడు, కింద పడకుండా పక్కవాళ్లు పట్టుకోండి' అన్నాను. చర్చంతా నవ్వింది. అతడు ఉలిక్కిపడి లేచాడు. ముగింపు ప్రార్థన దాకా తల వంచుకునే ఉన్నాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తరువాతా రాలేదు. 'ఈ కాలం పిల్లలు మాట పడరు' అనుకుని నేనూ ఊరుకున్నాను.

ఎనిమిది నెలల తరువాత ఒక తల్లి ఫోన్ చేసింది. వాళ్ల ఊరి పాస్టరుగారి దగ్గర నా నంబరు తీసుకున్నదట. 'అయ్యగారూ, మావాడు గుడికొస్తున్నాడా? ప్రతి ఆదివారం అడుగుతాను, వెళ్లానమ్మా అంటాడు. గొంతులో తేడా తెలుస్తోందయ్యా' అంది. నాకు జవాబు దొరకలేదు. ఆ సాయంత్రమే అతని గది వెతుక్కుంటూ వెళ్లాను.

ఒక్క గదిలో నలుగురు కుర్రాళ్లు. నన్ను చూసి కంగారుగా లేచాడు. ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి తాను చాప మీద కూర్చున్నాడు. మెల్లమెల్లగా సంగతులు బయటికొచ్చాయి. 2021లో కరోనా రెండో దశలో తండ్రి చనిపోయాడు. చెల్లెలి చదువు ఇతని మీద పడింది. పగలు కాలేజీ, రాత్రి ఆన్‌లైన్ సరుకుల గోదాములో పని. శనివారం రాత్రి డ్యూటీ దిగి గదికి కూడా పోకుండా షేర్ ఆటోలో నేరుగా చర్చికి వచ్చేవాడు. గదికి వెళ్తే నిద్రపోతానేమో, తల్లికిచ్చిన మాట తప్పుతానేమో అని భయం. నేను చర్చిలో నిద్రపోతున్నాడని ఎగతాళి చేసిన ఆ పిల్లవాడు, నిద్రను ఆపుకుని చర్చికి వస్తున్నవాడు.

'బాబూ, ఆ రోజు అందరిలో అలా అనడం నా తప్పు' అన్నాను. అతడన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. 'తిట్టారని కాదు అయ్యగారూ నేను మానేసింది. అన్ని నెలలు వచ్చాను. నిద్ర ఎందుకొస్తోందని ఒక్కరు కూడా అడగలేదు.'

లేఖనాన్ని మళ్లీ చదివితే

ఇంటికి వచ్చి ఆ అధ్యాయం మళ్లీ తెరిచాను. వాళ్లు కూడుకున్నది వారంలో మొదటి రోజు, అంటే ఆదివారం. ఆ కాలంలో ఆదివారం సెలవు దినం కాదు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ దానిని విశ్రాంతి దినంగా ప్రకటించింది క్రీ.శ. 321లో. పౌలు నాటికి అది పని రోజే. అందుకే తొలి విశ్వాసులు పొద్దున్నే గాని, పనులు ముగించుకున్నాక గాని కూడుకునేవారు. పైగా 12వ వచనంలో ఐతుకును గురించి లూకా వాడిన గ్రీకు మాటకు బాలుడనే అర్థమే కాదు, సేవకుడనే అర్థం కూడా ఉంది. పగలంతా ఎవరి దగ్గరో ఒళ్లు హూనం చేసుకుని, రాత్రి వాక్యం కోసం మేడ ఎక్కిన పనికుర్రాడు కావచ్చునన్న వ్యాఖ్యానమూ ఉంది. వేదాంత కళాశాలలో ఇవన్నీ చదువుకున్నవాణ్ణే. కానీ చివరి బెంచీని చూసినప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఐతుకు నిద్రపోయినందుకు పౌలు ఒక్క మాట కూడా అనలేదు. లూకా కూడా అతణ్ణి తప్పుపట్టలేదు. పౌలు చేసినవి వరుసగా చూడండి. ప్రసంగం ఆపాడు. మూడంతస్తులు దిగి కిందికి వెళ్లాడు. ఆ యౌవనుణ్ణి కౌగిలించుకున్నాడు. 'అతని ప్రాణం అతనిలోనే ఉంది, కంగారుపడకండి' అని అందరినీ ఊరడించాడు. మళ్లీ పైకి వెళ్లి రొట్టె విరిచి అందరితో కలిసి తిన్నాడు. తెల్లవారే దాకా మాట్లాడాడు.

ఇక్కడ మూలభాషలో గమనించదగ్గ విషయం ఒకటుంది. ఐతుకు పడకముందు పౌలు మాటలకు లూకా వాడిన క్రియ ఒకటి, పడిన తరువాత వాడిన క్రియ వేరొకటి. ఈ రెండో క్రియనే లూకా తన సువార్తలో ఎమ్మాయు దారిన నడుస్తూ ఇద్దరు శిష్యులు తమ దిగులు చెప్పుకుంటున్న చోట వాడాడు (లూకా 24:14). అది వేదిక మీది మాట కాదు, పక్కపక్కన నడుస్తూ చెప్పుకునే మాట. ఒక యౌవనుడు కింద పడ్డాక ఆ మేడగదిలో ప్రసంగం పోయి సంభాషణ మొదలైంది. మన సంఘాలకు నేడు కావలసిన మార్పు ఇదే.

భక్తి పోయిందా, చోటు మారిందా?

'యౌవనస్థుల్లో భక్తి లేదు' అన్న మాట కాపరుల కూటాల్లో తరచుగా వినిపిస్తుంది. నేనూ అన్నాను. ఆ రాత్రి ఆ గదిలో ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. డ్యూటీకి వెళ్లే బస్సులో అతడు ఫోనులో బైబిలు చదువుకుంటున్నాడు. ఏ భాగమని అడిగితే 88వ కీర్తన అన్నాడు. కీర్తనల్లోకెల్లా చీకటి కీర్తన అది. చివరిదాకా వెలుగు కనిపించదు, స్తుతితో ముగియదు. 'మిగతావన్నీ చివర్లో బాగైపోతాయి అయ్యగారూ, ఇదొక్కటే నాలాగుంది' అన్నాడు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాప కీర్తనలేనని సెమినరీలో నేర్చుకున్నాను, పరీక్షలో రాశాను. కానీ 88వ కీర్తన మీద ఒక్కసారి కూడా ప్రసంగించలేదు. నేను తెరవని పేజీలో అతడు ఒంటరిగా దేవునితో మాట్లాడుకుంటున్నాడు.

నేటి యౌవనస్థుల ఆత్మీయత చాలావరకు ఇలాగే ఉంది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, అశోక్‌నగర్ పోటీ పరీక్షల గదుల్లో, బెంగళూరు, చెన్నై ఉద్యోగాల్లో, అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన పిల్లలు అర్ధరాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని క్రైస్తవ గీతాలు వింటున్నారు. యూట్యూబులో పదిమంది బోధకులను విని ఒకరితో ఒకరిని పోల్చి చూస్తున్నారు. 2020లో వలస కూలీలు ఎండలో రోడ్ల వెంట నడిచి వెళ్తుంటే నీళ్లు, భోజనం పొట్లాలు పట్టుకుని పరుగెత్తిన వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. వాళ్లు ప్రార్థన మానలేదు. మన దగ్గరకు వచ్చి చెప్పుకోవడం మానేశారు.

ఇందులో ప్రమాదం లేదని అనను. ఫోనులోని బోధకుడికి ఈ పిల్లవాడు ఎవరో తెలియదు. జ్వరమొస్తే చూడటానికి రాడు. తప్పుదారి పడితే చెయ్యి పట్టుకుని ఆపడు. పది గొంతులు పది రకాలుగా చెప్తుంటే ఏది వాక్యమో ఏది వ్యాపారమో తేల్చుకోవడం ఇరవై ఏళ్ల వయసులో కష్టం. ఐతుకు కూర్చున్న కిటికీ లాంటిదే ఇది. పూర్తిగా లోపలా కాదు, పూర్తిగా బయటా కాదు. అందుకే అక్కడ కూర్చున్నవారిని గమనించవలసిన బాధ్యత లోపల దీపాల దగ్గర కూర్చున్నవారిది.

మనం వినని ప్రశ్నలు

యౌవనస్థులు అడగాలనుకుని అడగలేకపోతున్న ప్రశ్నలు కొన్ని ఈ మధ్య కాలంలో విన్నాను. మొదటిది ఆ కుర్రాడిదే. 'మా నాన్న కోసం ఊళ్లో అందరూ ఉపవాసముండి ప్రార్థించారు. అయినా పోయాడు. విశ్వాసం చాలలేదన్నారు ఒకాయన. ఎవరి విశ్వాసం అయ్యగారూ? నాదా, అమ్మదా?' ఈ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులన్నీ ఆ గదిలో చిన్నవైపోయాయి. 'నాకు తెలియదు బాబూ. కానీ ఆయన అన్నమాట తప్పు' అన్నాను. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్న సంగతి (యోహాను 11:35) గుర్తు చేశాను. మార్త, మరియలను ఆయన విశ్వాసం చాలలేదని గద్దించలేదు. వాళ్లతో కలిసి ఏడ్చాడు. ఇంకేమీ చెప్పలేకపోయాను. ఇద్దరం కాసేపు మౌనంగా కూర్చున్నాం.

రెండో ప్రశ్న ఒక అమ్మాయి అడిగింది. 'ధ్రువపత్రం మీద ఒక మతం, బాప్తిస్మంలో ఒక పేరు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన చేత్తో ప్రభురాత్రి భోజనం పాత్ర పట్టుకోవచ్చా అయ్యగారూ?' 1950లో రాష్ట్రపతి జారీచేసిన ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదాను విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సీ కిందికి వస్తారు. ఆ వర్గానికున్న రిజర్వేషను 1 శాతం. చట్టం సంగతి న్యాయస్థానాలు, ప్రభుత్వాలు తేల్చవలసినది. కానీ ఫీజు రాయితీకి, మనస్సాక్షికి మధ్య నలిగిపోతున్న పద్దెనిమిదేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వినవలసినది మాత్రం సంఘమే. తల్లిదండ్రులు మాట్లాడరు, మనమూ మాట్లాడం. 'ఊరుకో' అన్న ఒక్క మాటతో ఆ భారమంతా వాళ్ల నెత్తిన పెడుతున్నాం.

మూడో ప్రశ్న పెళ్లి గురించి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా పెళ్లికి ముందు రోజు కట్నం లెక్కపెట్టుకున్న ఇంటికే మరునాడు మనం వెళ్లి బైబిలు పట్టుకుని ఆశీర్వదిస్తున్నాం. 'సిలువ ముందు అందరూ సమానమంటారు గదా, సంబంధం చూసేటప్పుడు కులం ఎందుకు అడుగుతారు?' అని ఒక యౌవనుడు అడిగాడు. ఇది ఎదురు తిరగడం కాదు. మనం నేర్పిన వాక్యాన్ని వాళ్లు నమ్మారు. మనం ఆచరించడం లేదని కనిపెట్టారు.

నాలుగోది వాళ్లు నోటితో అడగని ప్రశ్న. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు, ఉద్యోగం, ప్రేమ, అప్పు, ఏ కారణం చేతనైనా మనసు విరిగిపోయిన పిల్లలు మన బెంచీల్లోనూ ఉన్నారు. 'ప్రార్థన చేసుకో, అదే పోతుంది' అంటే వాళ్లు ఇంకా లోపలికి ముడుచుకుపోతారు. బదరీవృక్షం కింద కూర్చుని 'ఇక చాలు ప్రభువా' అని చావు కోరుకున్న ఏలీయా దగ్గరకు దేవుని దూత వచ్చాడు (1 రాజులు 19). గద్దించలేదు, ప్రసంగించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ప్రయాణం సంగతి ఆ తరువాతే. ఇలాంటి వారిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం అవిశ్వాసం కాదు. ప్రభుత్వ ఉచిత మానసిక సహాయ కేంద్రం నంబరు 14416 ప్రతి చర్చి నోటీసు బోర్డు మీద ఉండదగినది.

యౌవనస్థుల చేతుల మీదుగా

నాయకత్వానికి తల నెరియాలనే అభిప్రాయం మన సంఘాల్లో బలంగా ఉంది. చరిత్ర అలా చెప్పదు. పల్లె నుంచి లండన్ వచ్చి బట్టల కొట్టులో పనిచేస్తున్న జార్జ్ విలియమ్స్ 1844లో తోటి పనివాళ్లు కొందరితో కలిసి వైఎంసీఏ ప్రారంభించాడు. అప్పటికి అతని వయసు 22. పొద్దున్నుంచి రాత్రి దాకా కొట్లలో పనిచేసి, ఆ కొట్ల పైగదుల్లోనే పడుకునే కుర్రాళ్లకు ఒక సహవాసం కావాలనుకున్నాడు. నేటి మన హాస్టల్ గదులకూ ఆ పైగదులకూ పెద్ద తేడా లేదు.

తెలుగు నేలకు సంబంధించిన సాక్ష్యం కూడా ఉంది. తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పల్లెలో పుట్టిన వి.ఎస్.అజరయ్య 1903లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, భారతీయులే నడిపే మిషనరీ సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడు. 1909లో మన దోర్నకల్‌కు సేవకు వచ్చాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా 1912లో అభిషేకం పొందాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో 35 ఏళ్ల అజరయ్య లేచి విదేశీ మిషనరీల ముఖం మీదే ఒక సత్యం చెప్పాడు. మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అందుకు కృతజ్ఞులం, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం. ఆనాడు సభలో కొందరు నొచ్చుకున్నారు. నేడు ఆ మాటనే మన పిల్లలు మనతో అంటున్నారు. మందిరం కట్టారు, మైకులు కొన్నారు, యూత్ రిట్రీట్‌కు చందాలిచ్చారు, సంతోషం, మరి మాతో స్నేహం చేస్తారా అని. నొచ్చుకోకుండా వినగలమా?

హైదరాబాద్‌లో హెబ్రోను సహవాసానికి మూలపురుషుడైన భక్తసింగ్ సంగతి పెద్దలకు తెలిసిందే. పంజాబు నుంచి ఇంజనీరింగ్ చదువుకు విదేశాలకు వెళ్లిన యౌవనుడాయన. కెనడాలో ఒక క్రైస్తవ కుటుంబం ఆయనను తమ ఇంట్లో ఉంచుకుని తమ భోజనపు బల్ల దగ్గర చోటిచ్చింది. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత ఆయన పరిచర్య ద్వారా తెలుగు నేల మీద ఎన్ని సంఘాలు లేచాయో మనకు తెలుసు. ఆ కుటుంబం చేసిన పని ఎవరైనా చేయగలిగిందే. పరాయి ఊళ్లో ఉన్న ఒక విద్యార్థికి అన్నం పెట్టి మాట్లాడింది.

సంఘం ఏమి చేయగలదు?

యౌవనస్థులను ఆకర్షించాలంటే కొందరు వెంటనే కొత్త కీబోర్డు, డ్రమ్స్, రంగు దీపాలు కొంటారు. పాట బాగుండటం మంచిదే. కానీ త్రోయలోని ఆ మేడగదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయని లూకా ప్రత్యేకంగా రాశాడు. అన్ని దీపాలున్నా ఐతుకు పడిపోయాడు. అతని పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే పడేవాడు కాదేమో.

మొదట చేయవలసింది కాపరి కిందికి దిగడం. నెలకు నాలుగు గదులకైనా వెళ్లి చూడాలి. ఎవరు ఏ వేళ పనిచేస్తున్నారో, ఎవరికి వారపు సెలవు ఏ రోజో తెలుసుకోవాలి. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి రాలేనివాళ్లకు ఇంకొక వేళ సహవాసం ఏర్పాటు చేయడం వాక్యవిరుద్ధం కాదు. తొలి సంఘమే రాత్రిపూట కూడింది.

రెండోది అడగనివ్వడం. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలడుగుతూ తల్లిదండ్రులకు కనిపించాడు (లూకా 2:46). ఆ బోధకులు ఆశ్చర్యపోయారే గాని 'చిన్నపిల్లవాడివి, నోరు మూసుకో' అనలేదు. మా సంఘంలో ఇప్పుడు నెలకొక శనివారం సాయంత్రం యౌవనస్థులు చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. మొదటి గంట నేను మాట్లాడకూడదని నియమం. ఆ నియమం వాళ్లే పెట్టారు. పాతికేళ్లుగా మాట్లాడటానికి అలవాటుపడ్డ నాకు ఆ గంట ఉపవాసం కన్నా కష్టంగా ఉంటుంది. మొదటి నెల ముగ్గురే వచ్చారు. వారిలో ఒకరు మా అబ్బాయే. ఇప్పుడు పదిహేనుమంది దాకా వస్తున్నారు. కొందరు రెండు నెలలు వచ్చి మానేశారు. 'పిల్లలకు లేనిపోని ప్రశ్నలు నేర్పుతున్నారు' అని ఇద్దరు పెద్దలు ఇంకా అసంతృప్తిగానే ఉన్నారు. ఆ ప్రశ్నలు మనం నేర్పినవి కావు, వాళ్లు మోస్తున్నవేనని వారికి ఓపికగా చెబుతున్నాను.

మూడోది అన్నం పెట్టడం. ఆ శనివారం కూటమి తరువాత వంతుల వారీగా ఒక కుటుంబం వండి పెడుతుంది. పప్పు, వేపుడు, పచ్చడి, అంతకన్నా ఏమీ ఉండదు. నెలంతా హాస్టల్ సాంబారు తిన్న పిల్లలకు అదే పండుగ. నా ముందు నోరు విప్పని పిల్లలు మా సంఘంలోని ఒక విధవరాలు అన్నం వడ్డిస్తుంటే ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటారు. ఎమ్మాయులో శిష్యులు దారి పొడవునా వాక్యం విన్నా ప్రభువును గుర్తుపట్టింది రొట్టె విరిచినప్పుడే గదా.

నాలుగోది పని అప్పగించడం. కుర్చీలు వేయడం, మైకు సర్దడం, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టడం, మన సంఘాల్లో యౌవనస్థులకు దక్కే బాధ్యతలు ఇవే. బ్యాంకుల్లో, కంపెనీల్లో లెక్కలు చూసే పిల్లలకు సంఘం లెక్కలు చూపించడానికి ఎందుకు వెనుకాడాలి? ఎన్నికల గొడవలు, ఆస్తి తగాదాలు, కోర్టు కేసులు చూసి మనసు విరిగి వెళ్లిపోయినవారు, లోకం ఆకర్షించి వెళ్లిపోయినవారికన్నా తక్కువేమీ కాదని నా అనుభవం. తిమోతి యౌవనాన్ని ఎవరూ చులకన చేయకూడదని పౌలు రాశాడు (1 తిమోతి 4:12). రాసి ఊరుకోలేదు, ఎఫెసు సంఘాన్నే అతని చేతిలో పెట్టాడు. మా సంఘ కమిటీలో ఈ ఏడు ముప్పై ఏళ్లలోపు వారిద్దరికి చోటిచ్చాం. వాళ్లలో ఒకరు తొలి సమావేశంలోనే నా ప్రయాణ ఖర్చుల రసీదు అడిగారు. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. తరువాత ఆలోచిస్తే, అడగడమే సరైనదనిపించింది.

యౌవనస్థులకు ఒక మాట

ఈ పేజీ చదువుతున్న యౌవనస్థులకు కూడా ఒక మాట చెప్పాలి. పెద్దలు మిమ్మల్ని నొప్పించి ఉండవచ్చు. నాలాంటి కాపరి నలుగురిలో నవ్వులపాలు చేసి ఉండవచ్చు. దానికి మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను. అయినా కిటికీలోనే ఉండిపోవద్దు. గాలి బాగా వస్తుంది, బయటికి చూడవచ్చు, ఎవరూ పలకరించరు. కానీ పట్టుకునేవారెవరూ ఉండరు. మీ ప్రశ్నను లోపలికి తెచ్చి అడగండి. తోమా తన సందేహాన్ని దాచుకోకుండా తోటి శిష్యుల మధ్యకే తెచ్చాడు. వారం తరువాత ప్రభువు వచ్చినప్పుడు అతడు వాళ్ల మధ్యనే ఉన్నాడు (యోహాను 20:26). సందేహం ఉన్నా సహవాసం విడవలేదు గనుకనే ఆ దర్శనం దక్కింది.

ఆ కుర్రాడు ఏమయ్యాడని మా సంఘంలో కొందరు అడుగుతుంటారు. ఇంకా ప్రతి ఆదివారం రావడం లేదు. డ్యూటీ లేని శనివారం కూటమికి వస్తాడు. తండ్రి విషయంలో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందని అతడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పోయిన నెల కూటమిలో 88వ కీర్తన చదివి వినిపించింది అతడే. చదవడం అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పక్కనున్న ఇంకొక కుర్రాడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రాత్రి వాళ్లమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

త్రోయలో ఆ తెల్లవారుజామున విశ్వాసులు ఆ యౌవనుణ్ణి సజీవంగా ఇంటికి తోడుకుని వెళ్లి ఎంతో ఆదరణ పొందారని లూకా ముగిస్తాడు. ఆదరణ పొందింది ఐతుకు ఒక్కడే కాదు, సంఘమంతా. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ముందు వరుసల్లో ఉన్న పెద్దలు ఒక్క పది నిమిషాలు చివరి బెంచీ దగ్గరకు నడవండి. 'ఎందుకు నిద్రపోయావు' అని కాదు, 'రాత్రి ఎన్నింటికి పడుకున్నావు నాన్నా, ఏమైనా తిన్నావా' అని అడగండి. ప్రభువు మన సంఘాలకు కిందికి దిగే కృపను అనుగ్రహించును గాక. ఆమేన్.